ఫ్రీలాన్స్ డిజైన్ పని: నాలుగో ఇంటర్వ్యూ కూడా పోయింది

గీతలపిల్ల (తెనాలి)
సోమవారం, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇవాళ రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

విజయవాడలో ఒక యాడ్ ఏజెన్సీలో నాలుగేళ్ళు చేశాను. అయిదు నెలల క్రితం మానేసి సొంతంగా పనులు పట్టుకుందామని మొదలుపెట్టాను. చిన్నవి వచ్చాయి. రెండు లోగోలు, ఒక స్కూల్ బ్రోచర్, మా మేనమామ గారి ఎరువుల కొట్టు బోర్డు (దానికి నేను డబ్బులు అడగలేదు, ఆయనా ఇవ్వలేదు). కాస్త పెద్ద పని అనుకున్నవి నాలుగు. నాలుగూ ఇంటర్వ్యూ దాకా వెళ్ళి ఆగిపోయాయి.

నాలుగోది హైదరాబాద్‌లో చిరుధాన్యాల స్నాక్స్ చేసే ఒక కొత్త కంపెనీ. వీడియో కాల్‌లో ముగ్గురు, అందులో ఇద్దరి కెమెరాలు ఆఫ్. నా పనులు ఇరవై నాలుగు వరసగా చూపించాను. బాగున్నాయి, బాగున్నాయి అన్నారు. రేటు అడిగితే "మీ బడ్జెట్ చెప్పండి సార్, దాన్ని బట్టి చూద్దాం" అన్నాను. ట్రయల్‌గా రెండు పౌచ్ డిజైన్లు చేసి పంపమన్నారు. డబ్బుల మాట వాళ్ళు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. రెండు రాత్రులు కూర్చుని చేశాను. పది రోజులు ఉలుకూ లేదు పలుకూ లేదు. నేనే మెసేజ్ పెడితే "వేరేవాళ్ళకి ఇచ్చేశాం, థాంక్స్" అని ఒక్క లైను వచ్చింది.

మూడు రోజులుగా బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్ ఇల్లస్ట్రేటర్ తెరవలేదు. అమ్మ ఏమీ అనడం లేదు, అదే ఎక్కువ బాధగా ఉంది. నా పని బాగోలేదా, నాకు మాట్లాడటం రాదా, అసలు ఇది నాకు సరిపడని దారా? ఓదార్పు వద్దు. ఎక్కడ తప్పు చేశానో చెప్పండి చాలు.


కోపిష్టి కుంచె (బెంగళూరు)
సోమవారం, రాత్రి 11:58

నువ్వు చేసిన తప్పు ఒక్కటే, ఊరికే పని చేసి పెట్టడం. మిగతాది అంతా వాళ్ళ తప్పు. దర్జీ దగ్గరికి వెళ్ళి "ముందు జాకెట్టుకి ఒక చెయ్యి ఊరికే కుట్టి చూపించు, నచ్చితే మిగతా జాకెట్టు నీకే ఇస్తా" అని ఎవరైనా అంటారా? డిజైనర్ దగ్గరే ఈ ధైర్యం వస్తుంది. అయిదుగురు డిజైనర్లకి ఇదే ట్రయల్ ఇస్తే పది పౌచ్‌లు ఊరికే వచ్చాయి. అందులోంచి ఒక రంగు, ఇందులోంచి ఒక బొమ్మ ఏరుకుని పక్కింటి కుర్రాడితో అతికించుకుంటారు.

ఆ కంపెనీ ఏదో నాకు తెలిసిపోయింది, [ఈ వాక్యం తీసేయబడింది]


నిర్వాహకుడు
మంగళవారం, ఉదయం 7:15

పై పోస్టులో ఒక కంపెనీ పేరు ఊహించి రాసిన వాక్యం తీసేశాను. ఒక పక్షం మాటే విని పేర్లు పెట్టొద్దు. చర్చ కొనసాగించండి.


సిక్కోలు చిన్నోడు
మంగళవారం, ఉదయం 8:02

కుంచె అన్నా, నీ జాకెట్టు మాట బాగానే ఉంది గానీ కొత్త దర్జీకి ఎవరూ పట్టుచీర జాకెట్టు గుడ్డ ఇవ్వరు. ముందు పాత లంగాకి అంచు కుట్టమంటారు. నాకు డిగ్రీ లేదు, ఏజెన్సీ పేరు లేదు, ఇంగ్లీషు అంతంత మాత్రం. నేను మొదటి రెండు పనులు ఊరికే చేశాను. అవి చూసే మూడో ఆయన డబ్బులిచ్చాడు. ఊరికే చేయను అని గట్టిగా చెప్పాలంటే వెనక ఏదో ఒక ఆసరా ఉండాలి.


కోపిష్టి కుంచె (బెంగళూరు)
మంగళవారం, ఉదయం 8:20

తమ్ముడూ, నీకు తెలిసినవాళ్ళకి నువ్వే ఇష్టపడి చేసి పెట్టడం వేరు. ముక్కూ మొహం తెలియని కంపెనీ "పోటీ" అని పెట్టి చేయించుకోవడం వేరు. నీ మీద కోపం లేదు.


ఫ్లెక్సీ బాబాయ్ (విజయవాడ)
మంగళవారం, ఉదయం 9:30

అమ్మా గీతలపిల్లా, గవర్నరుపేటలో ముప్ఫై ఏళ్ళ నుంచి డీటీపీ షాపు నాది. పేజ్‌మేకరు, అనూ ఫాంట్ల రోజుల నుంచి ఉన్నాను. మాకు ఇంటర్వ్యూ అంటే వచ్చినాయన కుర్చీ లాక్కుని కూర్చుని "ఎంతవుద్ది?" అనడమే. కాబట్టి నాకు తెలిసింది ఆ ఒక్క ముక్కే.

"మీ బడ్జెట్ చెప్పండి" అన్నావే, పని అక్కడే సగం జారిపోయింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. నువ్వు అడక్కపోగా నీ రేటు వాళ్ళనే కట్టమన్నావు. రేటు చెప్పలేని మనిషిని చూస్తే ఎదుటివాళ్ళకి పని మీద కూడా అనుమానం వస్తుంది.

ఇంకొకటి. రేటు చెప్పాక నోరు మూసుకోవాలి. ఇది నేర్చుకోవడానికి నాకు పదేళ్ళు పట్టింది. షాపు పెట్టిన కొత్తల్లో ఒకాయన గోడ క్యాలెండర్ చేయమని వచ్చాడు. 1,200 అన్నాను. ఆయన ఏమీ అనకుండా కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. నాకు గుండె దడ. ఆయన తుడవడం అయ్యేలోపు "సర్లెండి, 900 ఇవ్వండి" అనేశాను. ఆయన జేబులోంచి విడిగా కట్టిపెట్టుకొచ్చిన 1,200 తీసి, అందులోంచి మూడు నోట్లు వెనక్కి పెట్టుకున్నాడు. ఆ మూడు నోట్లు ఇప్పటికీ కళ్ళ ముందు కనపడతాయి.


పిక్సెల్ పంతులు (హైదరాబాద్)
మంగళవారం, మధ్యాహ్నం 1:10

బాబాయ్, ఆ కళ్ళద్దాల కథ నేను మా టీమ్‌కి చెప్తాను, అనుమతి ఇవ్వాలి.

చెల్లీ, ఓదార్పు వద్దన్నావు కాబట్టి సూటిగా రాస్తున్నా. పన్నెండేళ్ళుగా ఇదే పని నాది. సగం కాలం ఇంటర్వ్యూలు ఇచ్చాను, సగం కాలం చేశాను.

ముందు ఆ ఇరవై నాలుగు సంగతి. చీరల కొట్టులో ఇరవై నాలుగు చీరలు పరిస్తే ఒక్కటీ గుర్తుండదు, "మళ్ళీ వస్తాం" అని లేచిపోతారు. మూడు చాలు. ఆ మూడూ కూడా అడిగినవాళ్ళ పనికి దగ్గరగా ఉండాలి. స్నాక్స్ కంపెనీకి స్కూల్ బ్రోచర్ ఎందుకు చూపించావు? ఒక్కో దానికీ, ముందు ఏం ఇబ్బంది ఉండేది, నువ్వు ఏం మార్చావు, ఎందుకు మార్చావు అని రెండు నిమిషాలు చెప్పు. బొమ్మ వాళ్ళకీ కనపడుతూనే ఉంటుంది, దాన్ని చదివి వినిపించక్కర్లేదు.

అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. నీ పోస్టు రెండుసార్లు చదివాను. వాళ్ళు నిన్ను అడిగినవి ఉన్నాయి. నువ్వు వాళ్ళని అడిగింది ఒక్కటీ లేదు. పెళ్ళికి వంట మాట్లాడుకునేటప్పుడు వంటాయన ఏం చేస్తాడో ఎప్పుడైనా గమనించావా? ఎంతమంది, పగలా రాత్రా, ఉల్లి వెల్లుల్లి వేయొచ్చా, నీళ్ళు ఎంత దూరం, గ్యాసా కట్టెలా, అన్నీ ఆయనే అడుగుతాడు. ఆయన అడిగేకొద్దీ మనకి ధైర్యం వస్తుంది, ఈయనకి అప్పగించేయొచ్చు అనిపిస్తుంది. వెనకటి పెళ్ళిలో చేసిన లడ్డూల ఫోటోలు చూపించి ఊరుకుంటే ఆ నమ్మకం రాదు.

మరి పౌచ్‌లకి ఏం అడగాలి? ఎన్ని ప్రింట్ చేస్తారు అన్నది మొదటి ప్రశ్న. కొద్ది సంఖ్య అయితే డిజిటల్ ప్రింటింగ్, లక్షల్లో అయితే గ్రావ్యూర్. గ్రావ్యూర్‌లో ఒక్కో రంగుకి ఒక్కో సిలిండర్ చెక్కాలి, ప్రతి సిలిండర్‌కీ డబ్బు. మెరిసే ఫిల్మ్ మీద అయితే తెలుపు కూడా ఒక రంగే, దానికీ సిలిండర్ కావాలి. నాలుగు రుచులు ఉన్నాయనుకో, బేస్ ఒకటే ఉంచి ఒకటో రెండో సిలిండర్లు మాత్రమే మారేలా డిజైన్ వేస్తే కంపెనీకి మిగిలే డబ్బు నీ ఫీజు కన్నా ఎక్కువ ఉండొచ్చు. ఈ ఒక్క మాట కాల్‌లో అనగలిగితే నీ ట్రయల్‌తో ఎవరికీ పని ఉండదు.

తరవాత వెనక వైపు. అందరూ ముందు వైపు అందంగా చేసి పంపుతారు, ప్యాకెట్టుకి వెనక ఒకటి ఉంటుందని మర్చిపోతారు. ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ గుర్తు, 14 అంకెల లైసెన్స్ నంబరు, పోషకాల పట్టిక, ఎక్కువ నుంచి తక్కువకి వరసగా పదార్థాల జాబితా, ఎలర్జీ హెచ్చరిక, నికర బరువు, ఎమ్మార్పీ, తయారీ తేదీ, చిరునామా. 2020 నాటి లేబులింగ్ నిబంధనలు ఒకసారి చదువు, అక్షరాల ఎత్తు ఎంత ఉండాలో కూడా అందులో ఉంటుంది. ఇవన్నీ పట్టేలా వేసిన వెనక వైపు ఒక్కటి నీ పోర్ట్‌ఫోలియోలో పెడితే, అది చూసి ఆగిపోయే క్లయింట్లు ఉన్నారు. నేనే ఆగిపోయాను ఒకసారి.

ఒక సందేహం. ఆ కాల్‌లో ప్రింటింగ్ ఊసు ఏమైనా వచ్చిందా? గుర్తు తెచ్చుకుని రాయి.


గీతలపిల్ల (తెనాలి)
మంగళవారం, మధ్యాహ్నం 3:45

వచ్చింది అన్నా. మీరు అడిగేదాకా మర్చిపోయాను. కెమెరా ఆఫ్‌లో ఉన్న ఒకాయన కాల్ మొత్తం మీద ఒక్కటే ప్రశ్న వేశాడు, "ఇన్ని గ్రేడియెంట్లు ప్రింట్‌లో ఇలాగే వస్తాయా?" అని (ఒక రంగు మెల్లగా ఇంకో రంగులోకి మారడం అన్నమాట). "అది ప్రింటర్ చూసుకుంటాడు సార్" అన్నాను. ఆయన "ఓకే" అన్నాడు, మళ్ళీ మాట్లాడలేదు.

ఇది టైప్ చేస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి.


పిక్సెల్ పంతులు (హైదరాబాద్)
మంగళవారం, మధ్యాహ్నం 3:52

ప్రింటర్ బిల్లు కట్టేది ఆయనే అయి ఉంటాడు.

చెవులు వేడెక్కితే మంచిదే, విషయం దొరికింది. "నాకు ఇది సరిపడదు" అని పడుకోవడం కన్నా "ప్రింటింగ్ నేర్చుకోవాలి" అని లేవడం తేలిక కదా. ఈ వారం ఏదైనా ప్యాకేజింగ్ ప్రెస్‌కి వెళ్ళి ఒక పూట నిలబడు. చూస్తానంటే ఎవరూ కాదనరు, టీ కూడా ఇస్తారు.


ఫ్లెక్సీ బాబాయ్ (విజయవాడ)
మంగళవారం, సాయంత్రం 5:20

ప్రెస్ మాట వచ్చింది కాబట్టి ఇంకో ముక్క. తెలుగులో పని చేసి పంపేవాళ్ళు ఎవరైనా సరే, ఫోటోషాప్‌లో టైపు "వరల్డ్ రెడీ లేఅవుట్" అనే సెట్టింగ్‌లో ఉందో లేదో చూసుకోండి, లేకపోతే వత్తులు విడిపోతాయి. పిడిఎఫ్ పంపేముందు అక్షరాలని అవుట్‌లైన్ చేయండి, అంటే బొమ్మలుగా మార్చేయండి. మా దగ్గరికి వచ్చే ఫైళ్ళలో "శ్రీ" ఒక ముక్క ఇక్కడా, ఒక ముక్క అక్కడా ఉంటుంది. మొన్న ఒక కుర్రాడు తన బయోడేటా ప్రింట్ తీసుకుందామని వచ్చాడు, డిజైనర్ అట, అందులో వాడి పేరే విరిగిపోయి ఉంది. ఏమనాలి?


డల్లాస్ వదిన
మంగళవారం, రాత్రి 9:05

ఆలస్యంగా చూశాను. నేను డల్లాస్‌కి రాకముందు ఆరేళ్ళు న్యూయార్క్‌లో ఫ్రీలాన్స్ చేశాను. ఊరికే ట్రయల్ చేయించుకునే పద్ధతి మీద ఇక్కడా గొడవే. డిజైనర్ల సంఘం ఏఐజీఏ వద్దంటూనే ఉంటుంది, అడిగేవాళ్ళు అడుగుతూనే ఉంటారు. న్యూయార్క్ నగరంలో 2017 నుంచి ఒక చట్టం ఉంది. 800 డాలర్లు, ఆ పైన పని అయితే రాతపూర్వక ఒప్పందం ఉండాలి, గడువు రాసుకోకపోతే పని అయిన 30 రోజుల్లో డబ్బు కట్టాలి. అంత చట్టం ఉన్నచోట కూడా నాలుగు సార్లు నా డబ్బు కోసం నేనే తిరిగాను.

గీతలపిల్లా, నీకు పనికొచ్చేది ఒక్కటి చెప్తాను. ట్రయల్ అడిగితే కాదనకు, అవుననకు. "చేస్తానండి, ట్రయల్‌కి ఇంత తీసుకుంటాను, పని నాకే ఇస్తే మొత్తం బిల్లులో అది తగ్గిస్తాను" అను. నిజంగా పని ఉన్నవాళ్ళు ఒప్పుకుంటారు. మొహం చిట్లించేవాళ్ళ సంగతి ఆ ఒక్క మాటతో తేలిపోతుంది, రెండు రాత్రులు మిగులుతాయి.

అలాగే, నచ్చలేదు అనే మాటని మరీ నమ్మకు. 1971లో పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీలో చదువుకుంటున్న కరొలిన్ డేవిడ్సన్ బూట్ల కంపెనీ నైకీకి ఆ టిక్కు లాంటి గుర్తు వేసిచ్చింది. తీసుకున్నది 35 డాలర్లు. కంపెనీ పెట్టినవాళ్ళలో ఒకడైన ఫిల్ నైట్‌కి అది మొదట్లో పెద్దగా నచ్చనే లేదు. చేతిలో గడువు లేక సరే అన్నారు. తరవాత ఆమెకి కంపెనీ షేర్లు ఇచ్చారు, అది వేరే కథ. క్లయింటు ఆ రోజు ఎలా చూశాడు అన్నదానికీ పని మంచిచెడ్డలకీ మధ్య చాలా దూరం ఉంటుంది.


సిక్కోలు చిన్నోడు
మంగళవారం, రాత్రి 9:40

వదినా, ఆ ఒక్క కథ అందరూ చెప్తారు. నచ్చక పక్కన పెట్టినవి, నిజంగానే బాగోలేనివి కూడా వేలు ఉంటాయి కదా. నావి కొన్ని ఇప్పుడు చూసుకుంటే నాకే నవ్వొస్తుంది. వాళ్ళు వద్దన్నది కరెక్టే.


డల్లాస్ వదిన
మంగళవారం, రాత్రి 9:48

హహ్హ, సరే. ఒప్పుకున్నా.


పచ్చళ్ళ మేడమ్ (కాకినాడ)
బుధవారం, ఉదయం 6:30

నేను డిజైనర్‌ని కాదు. మా అబ్బాయి ఈ వేదికలో ఉంటాడు, వాడు చూపిస్తే చదివాను. నేను అవతలి కుర్చీలో కూర్చునేదాన్ని. ఇంట్లో పచ్చళ్ళు పెట్టి అమ్ముతాను. పోయిన ఏడాది సీసాల మీద లేబుళ్ళ కోసం ఆరుగురితో మాట్లాడాను. అయిదుగురిని కాదన్నాను. ఎందుకు కాదన్నానో రాస్తే మీకు పనికొస్తుందేమో.

ఒకబ్బాయి పని అన్నిటికన్నా బాగుంది. కానీ నేను ఒక మాట మొదలుపెడితే వాడు పూర్తి చేసేవాడు. మామిడికాయల రోజుల్లో నాకు ఊపిరాడదు, ఇలాంటి మనిషితో రోజూ ఫోనులో వాదించలేను అనిపించింది. ఇంకో అమ్మాయి 500కి చేస్తానంది. పిండి కొద్దీ రొట్టె అనుకుని భయపడ్డాను. మూడో ఆయన ఎర్ర రంగు వద్దంటే వినలేదు. నాలుగో అమ్మాయి చాలా మంచిది, ఆమెకే ఇద్దామనుకున్నాను. ఈలోగా మా ఆడపడుచు వాళ్ళ తోడికోడలు కొడుకు చేస్తాడని ఇంట్లో ఒత్తిడి, కొన్నాళ్ళు అతనితో చేయించాం, అది కుదరలేదు. అప్పటికి ఆ అమ్మాయికి ఫోన్ చేయడానికి మొహం చెల్లలేదు. ఆ అమ్మాయి తన పని బాగోలేదనే అనుకుని ఉంటుంది. పాపం, కాదు. అయిదో ఆయన వాట్సాప్‌లో పంపిన ఫైలు నా ఫోనులో తెరుచుకోలేదు. మళ్ళీ పంపమని అడగడానికి బద్ధకించాను. అంతే, అదొక్కటే కారణం.

చివరికి పని ఇచ్చిన అబ్బాయి బొమ్మలు మామూలుగా ఉన్నాయి. కానీ ఇంటికి వచ్చి సీసా చేతిలోకి తీసుకుని, మూత తిప్పి, "అమ్మా, నూనె కారితే ఈ కాగితం ఏమవుతుంది?" అని అడిగాడు. అంతకుముందు మాట్లాడినవాళ్ళెవరూ ఆ సంగతి అడగలేదు. నాకున్న అసలు బాధ అదే. ఆవకాయ సీసా ఎంత తుడిచినా నూనె దిగుతుంది, రంగు అంటుకుంటుంది, కొన్నవాళ్ళు ఫోటోలు పెట్టి తిడతారు. కాగితం మానేసి ప్లాస్టిక్ ఫిల్మ్ లేబుల్ వేయిద్దామన్నాడు. ఖర్చు పెరుగుతుందని కూడా తనే చెప్పాడు.

ముగ్గురికి నేను జవాబే పెట్టలేదు. పొగరు కాదమ్మా. కాదు అని ఎలా చెప్పాలో తెలియక రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అని వదిలేశాను. మీ పోస్టు చదివాక నిన్న సాయంత్రం ఆ నాలుగో అమ్మాయికి ఫోన్ చేశాను. ఉసిరి పచ్చడి లేబుల్ తనకే ఇస్తున్నాను.


గీతలపిల్ల (తెనాలి)
బుధవారం, ఉదయం 7:10

మేడమ్, ఇది చదివి ఏడ్చాను. మంచి ఏడుపే.


కోపిష్టి కుంచె (బెంగళూరు)
బుధవారం, ఉదయం 10:15

మేడమ్ రాసినదానికి నా దగ్గర జవాబు లేదు. నూనె ప్రశ్న నేనూ అడిగి ఉండేవాణ్ణి కాదు, ఒప్పుకుంటున్నా.

కానీ ట్రయల్ ఫైళ్ళ సంగతి మర్చిపోకండి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులు బదిలీ చేయాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. నువ్వు ఏదీ రాసివ్వలేదు, రూపాయి తీసుకోలేదు. ఆ రెండు పౌచ్‌లు నీవే. అది వాళ్ళకి మర్యాదగా ఒకసారి తెలియజెయ్యి. పంపిన మెయిల్, తేదీ దాచుకో.


ఆడిట్ అన్న (గుంటూరు)
బుధవారం, ఉదయం 11:00

పని దొరికాక వచ్చే తలనొప్పి గురించి రెండు ముక్కలు. ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే నమోదు) చేయించుకో, ఉచితం, ఆన్‌లైన్‌లో అయిపోతుంది. ఎవరికైనా డబ్బిచ్చి చేయించుకోకు. అది ఉంటే ఎంఎస్ఎంఈ (చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం కింద పని చేయించుకున్నవాళ్ళు 45 రోజులు దాటకుండా చెల్లించాలి. రాతపూర్వక ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. దాటితే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు చొప్పున చక్రవడ్డీ. కోర్టుకి వెళ్ళమని కాదు, బిల్లు కింద ఆ ఉద్యం నంబరు వేస్తే చాలాసార్లు అకౌంట్స్ వాళ్ళు ముందు నీ బిల్లే చూస్తారు.

కంపెనీలు 10 శాతం టిడిఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోసి ఇస్తే మోసం చేశారనుకోకు. అది నీ పాన్ మీద జమ అవుతుంది, రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు. ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జిఎస్టీ గొడవ లేదు. దాటితే నాకు స్వీట్లు పంపు.


మళ్ళీ ఉద్యోగి (హనుమకొండ)
బుధవారం, రాత్రి 10:30

అందరూ ఎలా గెలవాలో చెప్తున్నారు. నేను వెనక్కి వెళ్ళినదాన్ని, నా మాట కూడా ఉండనీయండి.

రెండేళ్ళు ఫ్రీలాన్స్ చేశాను. కాదన్నవాళ్ళందరినీ ఒక పాత లెక్కల నోటుబుక్కులో రాసేదాన్ని. తేదీ, పని ఏంటి, ఎంత చెప్పాను, ఏమన్నారు. మొదట్లో అది రాస్తుంటే చెయ్యి వణికేది. పదిహేను దాటాక పాల లెక్క రాసినట్టు అయిపోయింది. ఆ నోటుబుక్కు వల్లే ఒకటి పట్టుకున్నాను. ఫోన్లో మాట్లాడినవి ఎక్కువ పోతున్నాయి, నేరుగా వెళ్ళి కలిసినవి నిలుస్తున్నాయి. నాకు ఫోన్లో కంగారు, మాట తడబడుతుంది. ఆ తరవాత వీలైనంతవరకు బస్సెక్కి వెళ్ళేదాన్ని.

ఇంకో నియమం పెట్టుకున్నాను. కాదన్న రోజున పోర్ట్‌ఫోలియో తెరవకూడదు. ఆ రోజు తెరిస్తే అన్నీ చెత్తగానే కనపడతాయి, మంచివి కూడా తీసేస్తాం. ఒకసారి అలాగే కోపంలో నా బెస్ట్ పని బిహాన్స్‌లోంచి (డిజైనర్లు తమ పనులు పెట్టుకునే సైట్) డిలీట్ చేశాను, అసలు ఫైలు పాత హార్డ్ డిస్కుతో పాటు పోయింది.

అయినా చివరికి ఉద్యోగంలో చేరిపోయాను. నెలాఖరుకి ఇంత వస్తుంది అని తెలిస్తే తప్ప నాకు నిద్ర పట్టదని తెలిసింది. పనులు రాక కాదు, వచ్చే నెల వస్తాయో రావో అన్న టెన్షన్ నా ఒంటికి పడలేదు. ఇప్పుడు బాగానే ఉన్నాను. గీతలపిల్లా, నువ్వు మానేయమని అనడం లేదు. మానేసినా ఆకాశం విరిగి పడదని తెలిస్తే ఇంటర్వ్యూలో భయం తగ్గుతుంది, అందుకని రాశాను.


పిక్సెల్ పంతులు (హైదరాబాద్)
గురువారం, ఉదయం 9:00

నోటుబుక్కు మాట బంగారం. నేను ఎక్సెల్‌లో పెట్టుకున్నా గానీ అది తెరవాలంటేనే బద్ధకం.

చెల్లీ, ఆ కంపెనీకి ఒక మెయిల్ పెట్టు. బతిమాలినట్టు ఉండకూడదు, నిలదీసినట్టూ ఉండకూడదు. ఇలా రాయొచ్చు: "మీ నిర్ణయం తెలిపినందుకు థాంక్స్ అండి. నా పనిలోనో, మాట్లాడిన తీరులోనో ఏది తగ్గిందో ఒక్క లైనులో చెప్తే నాకు మేలు చేసినవారవుతారు. నేను పంపిన రెండు డిజైన్లు ట్రయల్ చూడడం కోసమే. వాడుకోవాలనిపిస్తే ముందుగా మాట్లాడుకుందాం." అంతే. జవాబు రాకపోతే వదిలెయ్.


గీతలపిల్ల (తెనాలి)
మూడు వారాల తరవాత, ఆదివారం, సాయంత్రం 6:20

అప్‌డేట్ ఇవ్వకుండా మాయమైతే బాగోదని వచ్చాను.

మెయిల్ పెట్టాను. మూడో రోజు ఆ కెమెరా ఆఫ్ ఆయనే ఫోన్ చేశారు. పంతులన్న చెప్పినట్టే ఆయనే పెట్టుబడి పెట్టినాయన. డిజైన్లు నచ్చాయట. కానీ "ప్రింటర్ చూసుకుంటాడు అన్నారు కదా, మాకు అంతకుముందు సిలిండర్లు రెండుసార్లు చేయించాల్సి వచ్చిందమ్మా, అందుకే భయపడ్డాం" అన్నారు. నా డిజైన్లు వాడుకోవడం లేదని మెయిల్‌లో రాసి పంపారు. అయిదు నిమిషాల ఫోన్. ముందే అడిగి ఉంటే అన్ని రాత్రులు పాడయ్యేవి కాదు.

ఒక ప్యాకేజింగ్ ప్రెస్‌కి వెళ్ళి రెండు పూటలు నిలబడ్డాను. టీ ఇచ్చారు. సిలిండర్ బరువు ఎత్తి చూడమన్నారు, ఎత్తలేకపోయాను.

అయిదో ఇంటర్వ్యూ పోయిన గురువారం. గుంటూరులో కారం పొడి వ్యాపారం, నాలుగు ప్యాకెట్లు. ఫోన్ కాదని బస్సెక్కి వెళ్ళాను, గోడౌన్‌లో తుమ్ములు ఆగలేదు. మూడే పనులు చూపించాను. ఎన్ని ప్రింట్ చేస్తారు, ఏ ఫిల్మ్, పొడి లోపలి నుంచి రంగు దిగుతుందా, ఖరారు చేసేది మీరా ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాను. నాలుగింటికి 32,000 అన్నాను, సగం అడ్వాన్స్. బాబాయ్, చెప్పాక నోరు మూసుకున్నాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకోలేదు కానీ ఫ్యాన్ వైపు చూశారు. చాలాసేపు చూశారు. నేను కూడా ఫ్యాన్ వైపు చూశాను.

ట్రయల్ అడిగారు. వదిన చెప్పిన మాట చెప్పాను. 3,000 అక్కడే ఫోన్ పే చేశారు. ఒక ప్యాకెట్ చేసి ఇచ్చాను.

నిన్న ఫోన్ చేశారు. వాళ్ళ అన్నగారు పాత డిజైనర్‌నే ఉంచుదామన్నారట. కాబట్టి అయిదోది కూడా పోయింది. నోటుబుక్కులో రాశాను. రాత్రి కాసేపు బాధపడ్డాను, అన్నం తిన్నాను, పడుకున్నాను. పొద్దున లేచి, ఆ కారం ప్యాకెట్ వెనక వైపు పోర్ట్‌ఫోలియోలో పెట్టొచ్చా అని ఆయన్నే అడిగాను. పెట్టుకో అమ్మా అన్నారు.


సిక్కోలు చిన్నోడు
ఆదివారం, సాయంత్రం 6:41

పోయిన పనికి 3,000 తెచ్చుకున్నావా అక్కా! నేను గెలిచిన పనికి అంత రాలేదు.


కోపిష్టి కుంచె (బెంగళూరు)
ఆదివారం, సాయంత్రం 7:05

ఆ ఫ్యాన్ వైపు చూడటం నేనూ ప్రాక్టీస్ చేస్తా.


ఫ్లెక్సీ బాబాయ్ (విజయవాడ)
ఆదివారం, రాత్రి 8:15

నోరు మూసుకున్నావు చూడు, అది నాకు చాలు.

అమ్మాయ్, మా అక్క మనవరాలి పెళ్ళి మాఘంలో. శుభలేఖ చేసిపెడతావా? నా షాపులో చేసే మామూలు రకం ఆ పిల్లకి నచ్చడం లేదు, ఫోనులో ఏవేవో చూపిస్తోంది. ఊరికే కాదు, డబ్బులిస్తాను.


గీతలపిల్ల (తెనాలి)
ఆదివారం, రాత్రి 8:22

చేస్తాను బాబాయ్. కార్డు తెలుగులోనా, రెండు భాషల్లోనా? ఎన్ని కొట్టిస్తున్నారు, ఆఫ్‌సెట్టా, స్క్రీన్ ప్రింటింగా? బంగారు రంగు ఫాయిల్ ఉంటుందా? పెద్దల పేర్ల వరస ఎవరు ఖరారు చేస్తారు, అమ్మాయి వైపా, అబ్బాయి వైపా? రెండు వైపులా అయితే ముందే చెప్పండి.

7,500 అవుతుంది.


ఫ్లెక్సీ బాబాయ్ (విజయవాడ)
ఆదివారం, రాత్రి 8:50

ఇందాకటి నుంచి కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాను. నీ నుంచి ఇంకో మెసేజ్ వస్తుందేమోనని చూశాను, రాలేదు. సరే, నంబరు పంపు.